పూర్తి అదనపు వైకల్యం

గోనెసంచుల నాణ్యతా నియంత్రణ శాఖ జిల్లా కార్యాలయంలో చేరిన రోజున హైమావతికి ఒక కుర్చీ ఇచ్చారు, ఒక బల్ల ఇచ్చారు, బల్ల మీద పెట్టుకోవడానికి ఒక పూలకుండీ కూడా ఇచ్చారు. పని మాత్రం ఇవ్వలేదు.

"నేనేం చెయ్యాలండీ?" అని ఆమె అడిగితే ఉపసంచాలకులు పరాంకుశం గారు కళ్ళజోడు తీసి, ఆ అమాయకత్వానికి ముచ్చటపడ్డారు.

"మీరు చేయవలసినది ఏమియు లేదమ్మా. మీరు ఈ కార్యాలయమునందు ఉండుటయే ఒక కార్యము."

ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. దివ్యాంగులకు కేటాయించిన ఆ పోస్టు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండేది. 'అర్హులైన అభ్యర్థులు లభ్యము కాలేదు' అని ఏటేటా పైకి రాసేవారు. పైవాళ్ళు ఆ మాట నమ్మి, తమ పైవాళ్ళకు రాసేవారు. ఇంతలో హైమావతి పరీక్ష రాసింది. దొరకలేదని బుకాయించడానికి వీల్లేనన్ని మార్కులు తెచ్చుకుంది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమకాలు సన్నబడింది. కాలికి కాలిపర్ కట్టుకుని, చంకలో కర్ర పెట్టుకుని నడుస్తుంది. కాలు కాస్త నెమ్మదేగాని నోరు మాత్రం ఊరికి ముందే చేరుతుందని వాళ్ళమ్మ అంటూ ఉండేది.

ఆ నోటికీ, రెండు చేతులకీ కార్యాలయంలో పని దొరకలేదు. ఆమె ఫైలు ముట్టుకుంటే సూపరింటెండెంటు పరుగున వచ్చి, "మీకెందుకమ్మా శ్రమ!" అని లాక్కునేవాడు. ఆమె తుమ్మితే ఇద్దరు అటెండర్లు మంచినీళ్ళు తెచ్చేవారు. చేసేది లేక పూలకుండీకి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం వెళ్ళేముందు ఒకసారి నీళ్ళు పోసేది. ఆ నీళ్ళకు తట్టుకోలేక మొక్క కుళ్ళి చచ్చిపోయింది. ఉద్యోగంలో చేరిన ఏడాదిలో ఆమె చేతి మీదుగా జరిగిన పని అదొక్కటే.

సాయంత్రాలు భూషణం ఫోన్ చేసేవాడు. ఇద్దరూ ఒకే హాస్టల్లో ఉండి చదువుకున్నారు. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు పాఠాలు చెబుతూ తనూ ఒక పోటీ పరీక్ష కోసం ఎదురుచూస్తున్నాడు. జీడిపప్పు ప్రోత్సాహక మండలిలో టెలిఫోన్ ఆపరేటరు పోస్టు చూపులేనివాళ్ళకు కేటాయించి ఉంది. నోటిఫికేషన్ ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అంటున్నారు.

"అక్కా, ఈవేళ ఏటి పని చేశావు?"

"కూర్చున్నాన్రా."

"అయితే కష్టమే. సాయంత్రానికి నడుం పట్టేస్తాది," అని పెద్దగా నవ్వేవాడు. అతని నవ్వు ఫోన్‌లోంచి వీధిలోకి వినబడేది.

ఇలా ఉండగా ఒకనాడు రాజధాని నుంచి పిడుగులాంటి ఉత్తర్వు వచ్చింది. దివ్యాంగుల పోస్టులు నిజంగా నిండాయో లేదో చూడటానికి పరిశీలకులు విరూపాక్షరావు గారు గురువారం జిల్లాకు వస్తున్నారు. పోస్టు ఖాళీగా కనబడితే ఆ కార్యాలయాధిపతికి ఇంక్రిమెంటు ఆగిపోతుంది.

ఆ వార్త వినగానే పరాంకుశం గారు హాయిగా టీ తెప్పించుకున్నారు. ఆయనకేం, హైమావతి ఉంది. కాని ఆ టీ చల్లారకముందే ముగ్గురు అధికారులు చెమటలు కక్కుకుంటూ ఆయన గదిలోకి వచ్చిపడ్డారు. ఒకరు పట్టుపురుగుల సంక్షేమ శాఖ, ఒకరు జీడిపప్పు ప్రోత్సాహక మండలి, ఒకరు కొబ్బరిపీచు అభివృద్ధి సంస్థ. ముగ్గురి దగ్గరా పోస్టులున్నాయి, మనుషులు లేరు.

"గురువారంలోగా ఎక్కణ్ణుంచి తెస్తామండీ? మా అటెండరు కాలు విరగ్గొట్టుకోమంటే ఒప్పుకోవడం లేదు," అన్నారు పట్టుపురుగుల అధికారి.

పరాంకుశం గారు కళ్ళు మూసుకున్నారు. నిబంధనల పుస్తకాలు కంఠతా పట్టిన మనిషి. ఆయన కళ్ళు మూసుకుంటే లోపల పేజీలు తిరుగుతున్నట్టు లెక్క.

"అయ్యా, నాకు ఈ శాఖ గాక మరి రెండు శాఖలకు పూర్తి అదనపు బాధ్యతలు గలవు. నేను ఒక్కడనే, మూడు కుర్చీలు. దీనికెవరైనా అభ్యంతరపెట్టిరా?"

"లేదండి."

"ఒక అధికారి మూడు అధికారములను నిర్వహించవచ్చునన్నచో, ఒక దివ్యాంగురాలు నాలుగు వైకల్యములను ఏల నిర్వహించరాదు?"

కొబ్బరిపీచు అధికారి లేచి వచ్చి పరాంకుశం గారి చేతులు కళ్ళకద్దుకున్నాడు.

హైమావతిని పిలిచి ఆదేశం చదివి వినిపించారు. పట్టుపురుగుల శాఖలో ఆమె పేరు చరణకుమారి, జీడిపప్పు మండలిలో నేత్రావతి, కొబ్బరిపీచు సంస్థలో శ్రావణి. పేర్లన్నీ పరాంకుశం గారే స్వయంగా పెట్టారు.

"ఇదేం పనండీ? నేను చెయ్యను," అంది హైమావతి.

"మీ ప్రొబేషన్ ఇంకను ఖరారు కాలేదు. పనితీరు సంతృప్తికరమని నేను వ్రాయవలసి యున్నది. మీరేమి పని చేసిరని వ్రాయవలెను? ఒక మొక్కను చంపితిరని వ్రాయనా?"

ఉద్యోగం పోతే మళ్ళీ మొదటికొస్తుంది. పైగా, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, మనసులో ఒక మూల చిన్న ఉత్సాహం కూడా కలిగింది. ఏడాది తరవాత మొదటిసారి ఆమెకు ఒక పని చెప్పారు.

గురువారం పొద్దున్నే విరూపాక్షరావు గారు దిగారు. బక్కగా, పొడుగ్గా ఉన్న మనిషి, మెడలో తాడుకు కలం కట్టుకుని ఉన్నారు. గోనెసంచుల కార్యాలయంలో హైమావతి ముందు నిలబడి ఆమె కాలిపర్ వంక తదేకంగా చూశారు. పక్కకు వంగి చూశారు.

"కాలు?"

"కాలేనండి," అన్నారు పరాంకుశం గారు.

"బాగుంది," అని టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయారు. హైమావతి ముఖంలోకి ఒక్కసారి కూడా చూడలేదు.

ఆయన కాఫీ తాగేలోపల హైమావతిని శాఖ జీపు ఎక్కించారు. డ్రైవరు పైడయ్య గేరు మార్చుతూ, "గట్టిగా పట్టుకోండమ్మా, బేగి ఎల్లిపోవాల. ఆయన కారు రైలుగేటు కాడ ఆగిపోద్ది, మనం సంతబజారు మీదుగా కొట్టేద్దాం," అన్నాడు. పైడయ్య ఇన్నాళ్ళూ గోనెసంచుల నమూనాలు తప్ప మరేదీ మోయని మనిషి. ఆ వేళ అతని ముఖం యుద్ధానికి వెళ్తున్నట్టు వెలిగిపోయింది.

పట్టుపురుగుల కార్యాలయంలో ఆమె కుర్చీలో కూలబడి ఊపిరి తీసుకునేసరికి పరిశీలకులు వచ్చారు. కాలు చూశారు. ఈసారి ముఖం చిట్లించారు.

"ఇక్కడ కూడా కాలేనా? ఈ జిల్లాలో కాళ్ళు తప్ప ఇంకేమీ లేవా? ప్రభుత్వం అన్ని వైకల్యాలకూ సమాన అవకాశాలు ఇవ్వమంటోంది. తరవాత కార్యాలయంలో నాకు వైవిధ్యం కనబడాలి."

"కనబడునండి. అచ్చట ఆమెకు ఏమియు కనబడదు," అన్నారు వెంట వచ్చిన పరాంకుశం గారు.

జీపులో పైడయ్య తన నల్లకళ్ళద్దాలు తీసి ఇచ్చాడు. జీడిపప్పు మండలిలో కాలిపర్ బల్ల కిందకు తోసి, టెలిఫోన్ ముందు కూర్చుంది హైమావతి. విరూపాక్షరావు గారు ఆ నల్లద్దాల ముందు చెయ్యి ఊపారు.

"ఎన్ని వేళ్ళు?"

"కనబడదండి."

"చాలా సంతోషం," అని టిక్కు పెట్టారు.

కొబ్బరిపీచు సంస్థకు వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. ఎండకూ, గతుకులకూ ఆమె నడుం విరిగిపోయినట్టుంది. విరూపాక్షరావు గారు ఆమె చెవి దగ్గరకు వంగి గట్టిగా అరిచారు.

"మీకు వినబడదా?"

"వినబడదండి!" అని ఆమె కూడా అంతే గట్టిగా అరిచింది.

కొబ్బరిపీచు అధికారి గోడ పట్టుకున్నాడు. విరూపాక్షరావు గారు మాత్రం తృప్తిగా తలూపి, "స్పష్టంగా చెప్పారు. ఇంత ఆత్మవిశ్వాసం నేనెక్కడా చూడలేదు," అని టిక్కు పెట్టి, ఆ సాయంత్రమే రైలెక్కారు.

నెల తిరక్కముందే నివేదిక వచ్చింది. దివ్యాంగుల ఉద్యోగాల్లో జిల్లా రాష్ట్రంలోనే ప్రథమస్థానంలో ఉందట. ఆ సాయంత్రం భూషణం ఫోన్ చేశాడు. నవ్వలేదు.

"అక్కా, నోటిఫికేషన్ ఆపేశార్ట. జిల్లాలో ఖాళీల్లేవంట."

"అదేంట్రా?"

"జీడిపప్పు మండలికెళ్ళి అడిగాను. ఆపరేటరు పోస్టులో నేత్రావతని ఎవరో చేరిందంట. నల్లద్దాలు పెట్టుకుంటదంట. మనిషెలాగుంటదని అడిగితే అటెండరు చెప్పాడు. సన్నగా ఉంటదంట, చంకలో కర్ర ఉంటదంట." అతని గొంతు తగ్గింది. "అక్కా, నా గుడ్డి పోస్టు నువ్వే చేస్తున్నావా?"

"అది కాదురా..." అనబోయింది హైమావతి.

"చెయ్యి, చెయ్యి. నీకు కళ్ళు కూడా ఉన్నాయి, ఇంకా బాగా చేస్తావు," అని ఫోన్ పెట్టేశాడు.

ఆ రాత్రి ఆమెకు అన్నం దిగలేదు. ఏదో ఆటలాగ తిరిగొచ్చాననుకుంది. ఆ ఆటలో తను కూర్చున్న కుర్చీలకు మనుషులున్నారని అంతవరకూ తట్టలేదు. ఎలాంటి పోస్టు దొరక్క తను ఏళ్ళకేళ్ళు ఏడ్చిందో, అలాంటివే మూడు తనే మింగేసింది. మర్నాటి నుంచి ఎన్నిసార్లు ఫోన్ చేసినా భూషణం ఎత్తలేదు.

పరాంకుశం గారి దగ్గరకు వెళ్ళి, "నాకీ అదనపు బాధ్యతలొద్దండి. నా కాలు నాకు చాలు," అంది.

"బాధ్యతల నుండి విముక్తి ఇప్పట్లో సాధ్యము కాదమ్మా. మనకు సన్మానము వచ్చినది," అంటూ ఆయన ఆహ్వానపత్రం చూపించారు. రాష్ట్ర దివ్యాంగుల సంక్షేమ సంఘం అధ్యక్షురాలు వసుంధరాదేవి గారు స్వయంగా వచ్చి, ప్రథమస్థానం సాధించిన జిల్లాలోని దివ్యాంగ ఉద్యోగులందరికీ ఒకే వేదిక మీద శాలువాలు కప్పుతారట.

"ఒకే వేదిక మీదా? నలుగురికీనా? నేనొక్కదాన్నే కదండీ!"

"ఒక్కొక్క సన్మానము నడుమ ఒక్కొక్క ఉపన్యాసము పెట్టించితిని. ఆ వ్యవధిలో మీరు దిగి, మారి, మరల ఎక్కెదరు."

సభ జరిగే రోజున మైదానం జనంతో నిండిపోయింది. వేదిక ఎత్తుగా కట్టారు. దివ్యాంగుల సన్మానం కాబట్టి ర్యాంపు కూడా ప్రత్యేకంగా వేయించారు. అయితే సన్నాయి మేళానికి చోటు చాలక వాళ్ళను ఆ ర్యాంపు మీద కూర్చోబెట్టారు. కాబట్టి దివ్యాంగులు మెట్ల మీదుగానే రావాలి. ఆ మెట్లు బల్లచెక్కలతో కొట్టినవి. అడుగు వేస్తే అవి కూడా ఒక అడుగు వేస్తున్నాయి.

"గోనెసంచుల నాణ్యతా నియంత్రణ శాఖ నుంచి కుమారి హైమావతి!" అని వ్యాఖ్యాత పిలిచాడు.

పైడయ్య భుజం ఆసరా ఇస్తే కర్ర ఊతంతో ఒక్కొక్క మెట్టే ఎక్కింది. వసుంధరాదేవి గారు పెద్ద ముత్తైదువ. మనిషి కళ్ళలోకి చూసి, బుగ్గ పుణికి మాట్లాడే పాతకాలపు మనిషి. ఆకుపచ్చ శాలువా కప్పి, "బంగారు తల్లివమ్మా," అని హైమావతి బుగ్గ పుణికారు. జనం చప్పట్లు కొట్టారు. ఏడాదిలో ఆమె ముఖం చూసి మాట్లాడిన మొదటి పెద్దమనిషి ఆవిడే. హైమావతికి కళ్ళు చెమర్చాయి.

ఉపన్యాసం మొదలైంది. ఇప్పుడు దిగాలి. తెర వెనక పైడయ్య వేరే ఓణీ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. హైమావతి మెట్ల వైపు చూసింది. తరవాత జనం వైపు చూసింది. వెనక వరసలో, తను పాఠాలు చెప్పే పిల్లల మధ్య, తల కొంచెం పక్కకు వంచి వింటూ భూషణం కనిపించాడు. ఎందుకొచ్చాడో తెలియదు. నేత్రావతి గొంతు ఎలా ఉంటుందో విందామని వచ్చి ఉంటాడు.

హైమావతి వెనక్కి తిరిగి, రాని అతిథి కోసం వేసిన ఖాళీ కుర్చీలో కూర్చుంది.

"దిగుడు, దిగుడు," అని పరాంకుశం గారు పళ్ళ మధ్య నుంచి అన్నారు. ఆమె వినబడనట్టు ఊరుకుంది.

"పట్టుపురుగుల సంక్షేమ శాఖ నుంచి కుమారి చరణకుమారి!"

హైమావతి లేచి ముందుకొచ్చింది. వసుంధరాదేవి గారు ఇంకో శాలువా కప్పి, బుగ్గ పుణికి, ఏదో అనుమానంగా తన వేళ్ళ వంక చూసుకున్నారు. హైమావతి వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చుంది. రెండో ఉపన్యాసం ఎవరికీ ఎక్కలేదు.

"జీడిపప్పు ప్రోత్సాహక మండలి నుంచి, చీకటిని జయించిన ధీర వనిత, కుమారి నేత్రావతి!"

మళ్ళీ హైమావతే వచ్చింది. ఎర్ర శాలువా కప్పాక వసుంధరాదేవి గారి చెయ్యి బుగ్గ దాకా వచ్చి ఆగింది.

"ఏమ్మా, ఈ బుగ్గ నేనిందాక పుణికానే?"

"పుణికారండి. రెండుసార్లు."

మైకు దగ్గరగా ఉంది. ఆ మాట మైదానమంతా వినబడింది.

"నీ పేరేమిటి తల్లీ?"

"ఈ శాలువాకైతే నేత్రావతండి."

"నీకు చూపు లేదా?"

"ఉందండి. లేనిది భూషణానికి. ఈ పోస్టు అతనిదండి. నేను అడ్డంగా కూర్చున్నాను."

"మరి ఆ నాలుగో అమ్మాయి? వినబడని అమ్మాయి?"

"ఆ అమ్మాయికి ఇదంతా వినబడుతోందండి."

వెనక వరసలోంచి ఒక పెద్ద నవ్వు లేచింది. ఆ నవ్వు ఎవరిదో హైమావతికి చూడకుండానే తెలిసింది. ఇన్నాళ్ళూ గుండెల మీద కూర్చున్న బరువేదో ఆ నవ్వుతో లేచి వెళ్ళిపోయింది. తరవాత మైదానమంతా నవ్వింది. ర్యాంపు మీది సన్నాయి విద్వాంసుడు కూడా నోట్లోంచి సన్నాయి తీసేసి నవ్వాడు.

సన్మానానికని రాజధాని నుంచి మళ్ళీ వచ్చి వేదిక మీద కూర్చున్న విరూపాక్షరావు గారు లేచి వచ్చి, మొట్టమొదటిసారి హైమావతి ముఖంలోకి చూశారు. "మీరు... మనమెక్కడైనా కలిశామా?" అన్నారు.

పరాంకుశం గారు మైకు అందుకున్నారు. ఆయన ముఖంలో తప్పు చేసిన ఛాయ ఒక్కటి కూడా లేదు.

"అధ్యక్షా! ఇందు అక్రమమేమియు లేదు. ఈమెకు సదరు వైకల్యములపై పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించడమైనది. ఉత్తర్వు నా వద్ద గలదు."

వసుంధరాదేవి గారు తాపీగా అడిగారు. "అలాగా. అదనపు బాధ్యతలు ఎలాంటి పోస్టుకు ఇస్తారు పరాంకుశం గారూ?"

"ఖాళీగా నున్న పోస్టునకు మాత్రమే నండి! భర్తీ అయిన పోస్టునకు ఇచ్చుట నిబంధనలకు పూర్తిగా విరుద్ధము!" శాఖాపరమైన పరీక్షల్లో మొదటివాడిగా పాసైన మనిషి గొంతు అది. మైదానం నాలుగు మూలలా మోగింది.

మోగడం పూర్తయ్యాక, తనేమన్నారో ఆయనకు కూడా వినబడింది. పట్టుపురుగుల అధికారి కళ్ళు మూసుకున్నాడు. కొబ్బరిపీచు అధికారి తనకేమీ వినబడనట్టు ఆకాశంలోకి చూశాడు.

"అయితే మూడూ ఖాళీయే. రాసుకోండి," అన్నారు వసుంధరాదేవి గారు.

ఆ వారంలోనే నోటిఫికేషన్ వచ్చింది. హైమావతి మీద మాత్రం విచారణ పెట్టారు. 'తనకు లేని వైకల్యములను అనుమతి లేకుండ కలిగియుండుట' అన్నది అభియోగం. అనుమతి ఉందని పరాంకుశం గారి ఉత్తర్వే చెబుతోంది కాబట్టి అది వీగిపోయింది. పైగా ఒకేసారి నాలుగు పోస్టులు నిర్వహించిన ఉద్యోగి పనితీరు సంతృప్తికరంగా లేదని రాయడానికి ఏ నిబంధనా దొరక్క, ఆమె ప్రొబేషన్ ఖరారు చేశారు. పరాంకుశం గారిని రాజధానికి బదిలీ చేసి, కొత్త అధికారులకు నిబంధనలు బోధించే పనిలో పెట్టారు. కొత్తగా వచ్చిన అధికారి బద్ధకస్తుడు కావడంతో హైమావతికి అడక్కుండానే బోలెడంత పని దొరికింది.

వానాకాలంలో భూషణం జీడిపప్పు మండలిలో చేరాడు. అతను చేరిన రోజునే హైమావతికి కబురొచ్చింది. అదనపు బాధ్యతల్లో పొందిన శాలువాను, బాధ్యతలతో సహా, అసలు ఉద్యోగికి అప్పగించాలట. పైడయ్య జీపులో వెళ్ళింది.

మండలి అధికారి కాగితం చదివి వినిపించాడు. "అంధత్వపు పూర్తి అదనపు బాధ్యతలను కుమారి హైమావతి నుండి శ్రీ భూషణం ఈ దినము పూర్వాహ్నమున సక్రమ స్థితిలో స్వీకరించిరి. ఇక్కడ సంతకం పెట్టండి."

"పుట్టిందగ్గర్నుంచీ నా కాడే ఉంది కదండీ. అక్క ఎప్పుడు పట్టుకెళ్ళింది?" అన్నాడు భూషణం.

"అదంతా మాకు తెలీదు. అప్పగింత జరగనిదే మీకు చూపు లేనట్టు మండలి గుర్తించదు."

భూషణం సంతకం పెట్టాడు. హైమావతి శాలువా తీసి అతని భుజాల మీద కప్పింది.

"ఏ రంగక్కా?"

"ఎరుపు."

"గుచ్చుకుంటంది," అన్నాడు. కాని తియ్యలేదు. "అక్కా, ఆ రోజు ఫోన్‌లో అన్నాను చూడు..."

"నిజమే అన్నావులే."

ఇంతలో బల్ల మీద టెలిఫోన్ మోగింది. భూషణం చెయ్యి సూటిగా దాని మీదకు వెళ్ళింది. గొంతు సవరించుకుని, ఎన్నేళ్ళుగానో సాధన చేసిన గొంతుతో, "జీడిపప్పు ప్రోత్సాహక మండలి, నమస్కారమండి," అన్నాడు. అవతలివాళ్ళు చెప్పింది విని, "కలెక్టరు గారి ఆఫీసా? మా సారు కోసమా?" అన్నాడు.

మండలి అధికారి కంగారుగా రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. తల ఊపాడు. నోటి మీద వేలు వేసుకున్నాడు. ఊరెళ్ళానన్నట్టు గాలిలో చేత్తో బస్సు నడిపి చూపించాడు.

"ఉన్నారండి. ఎదురుగానే ఉన్నారు. ఇప్పుడే ఇస్తున్నాను," అని భూషణం రిసీవరు చాపాడు.